రాసిన గ్రాము, ఎక్కిన గ్రాము: ఐసీయూలో యాంటీబయాటిక్ డోసు మీద ఒక ప్రసంగం

మైకు వెనక వరకూ వినిపిస్తోందా... ఆ, సరే. అందరికీ నమస్కారం. భోజనాలవగానే నా సెషన్ పెట్టారు, అదీ డోసుల మీద, కాబట్టి కునుకు తీసేవాళ్ళు మొహమాటపడకండి. ముందు వరసలో కూర్చున్న సిస్టర్స్ మాత్రం దయచేసి నిద్రపోకండి, ఎందుకంటే ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీ చేతి మీదుగా జరిగే పని, మా డాక్టర్లం చేసేది చీటీ రాయడమే కదా.

స్లైడ్స్ తర్వాత వేద్దాం, ముందు ఈ స్టాండ్ చూడండి. వంద ఎంఎల్ నార్మల్ సెలైన్ బాటిల్, మామూలు ఐవీ సెట్. యాంటీబయాటిక్ కనపడదు కాబట్టి ఒక బీకాంప్లెక్స్ ఆంపుల్ కలిపాను, పచ్చగా కనపడాలని. మీరు భోజనం చేస్తుండగా ఇది ఆ బకెట్లోకి వదిలాం. ఇప్పుడు బాటిల్ ఖాళీ. వార్డులో అయితే ఏం చేస్తాం? బాటిల్ అయిపోయిందని రోలర్ బిగించేసి, సెట్టు తీసేసి, ఎర్ర కవర్లో పడేస్తాం, డ్రగ్ చార్ట్‌లో టిక్కు పెడతాం. కానీ చూడండి, చాంబర్ సగం పచ్చగా ఉంది, ట్యూబు మొత్తం పైనుంచి కిందిదాకా పచ్చగా ఉంది. సిస్టర్, ఒక్కసారి స్టేజి మీదికి రండమ్మా, ఇది సిరంజిలోకి దించండి. ఎంతొచ్చింది? గట్టిగా చదవండి... పద్దెనిమిది. 18 ఎంఎల్.

వందలో 18. ఇది ఒక గ్రాము మెరోపెనెం అనే యాంటీబయాటిక్ అయ్యుంటే 180 మిల్లీగ్రాములు పేషెంటుకి వెళ్ళలేదు. రోజుకి మూడు డోసులు, అంటే అర గ్రాము పైచిలుకు ప్రతిరోజూ కవర్లోకి పోతోంది, ఆ వయల్ ఆ అటెండెంటు బయట షాపుకెళ్ళి అప్పుచేసి తెచ్చిందయ్యుండొచ్చు. కొంతమంది ఫ్లూయిడ్ తగ్గించాలని 50 ఎంఎల్‌లో కలుపుతారు, మంచి ఉద్దేశమే, కానీ సెట్టులో ఇరుక్కునేది అదే 18 కాబట్టి అప్పుడు మూడో వంతుకి పైనే పోతుంది. కేస్ షీట్లో మాత్రం ఒక గ్రాము. రౌండ్స్‌లో నేనొచ్చి ఐదో రోజైనా జ్వరం తగ్గలేదే, బగ్, అంటే ఆ బ్యాక్టీరియా, మందుకి రెసిస్టెంట్ అయ్యుంటుంది, మార్చేద్దాం అంటాను.

నా బాధ ఇదే. మందు పేరు మీద మనం గంటసేపు కొట్టుకుంటాం, పిప్‌టాజ్ అనే యాంటీబయాటిక్ వేయాలా, మెరో అంటే మెరోపెనెం వేయాలా, కొలిస్టిన్ అనే ఇంకోటి కలపాలా వద్దా అని, డోసు దగ్గరికొచ్చేసరికి ఏముంది ఒక గ్రాము టీడీఎస్, అంటే రోజుకి మూడుసార్లు, అని రాసేసి పక్క బెడ్డుకి వెళ్ళిపోతాం. ఆ ఒక గ్రాము టీడీఎస్ అనే లెక్క ఎవరి మీద కట్టారు? ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీద, వార్డులో కూర్చుని ఇడ్లీ తినే పేషెంట్ల మీద. మన బెడ్డు మీద ఉన్నాయన బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ మీద ఉన్నాడు, ఒంట్లో ఆరు లీటర్ల నీరు ఎక్కువుంది, రక్తంలో ప్రొటీన్ అల్బుమిన్ రెండుకి పడిపోయింది, కిడ్నీలు పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉన్నాయి. ఆయనకీ ఈయనకీ ఒకే డోసు ఎట్లా సరిపోతుంది?

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకి పెన్సిలిన్ మొదలుపెట్టారు, ముఖమంతా చీము, కన్ను అప్పటికే తీసేశారు. పెన్సిలిన్‌ని మందుగా తయారుచేస్తున్న ఫ్లోరీ టీం దగ్గరున్నది చిటికెడు మందు. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి తేరుకున్నాడు, జ్వరం తగ్గింది, అన్నం తిన్నాడు. కానీ పెన్సిలిన్‌ని కిడ్నీలు ఎంత స్పీడుగా బయటికి తోసేస్తాయంటే, ఎక్కించింది ఎక్కించినట్టు మూత్రంలో పోతోంది, పాపం వాళ్ళు ఆ మూత్రం పట్టి ల్యాబుకి తీసుకెళ్ళి అందులోంచి పెన్సిలిన్ మళ్ళీ తీసి మళ్ళీ ఆయనకే ఇచ్చారు! అయినా మందు అయిపోయింది, జబ్బు తిరగబెట్టింది, మార్చి 15న చనిపోయాడు. మందు సరైనదే, బగ్‌కి పనిచేసింది, చాలినంత కాలం ఒంట్లో నిలవలేదు. ఎనభై ఏళ్ళు దాటింది, మన ఐసీయూల్లో ఇంకా ఆ పోలీసాయన కథే నడుస్తోంది అనిపిస్తుంది నాకు ఒక్కోసారి. మూత్రం పట్టట్లేదంతే.

ఆ తర్వాత 1940ల్లో, 50ల్లో అమెరికాలో హ్యారీ ఈగిల్ అనే ఆయన ఎలుకల మీద, కుందేళ్ళ మీద చూపించింది ఏంటంటే, పెన్సిలిన్ విషయంలో ఎంత ఎత్తుకి వెళ్ళిందన్నది ముఖ్యం కాదు, బ్యాక్టీరియాని ఆపే లెవెల్ పైన ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. ఆ లెవెల్‌నే మనం ఎంఐసీ అంటాం. పిప్‌టాజ్, మెరో, సెఫెపిమ్, అన్నీ ఆ పెన్సిలిన్ వంశమే కాబట్టి అన్నిటికీ ఇదే రూలు. అమికాసిన్ అనే వేరే రకం యాంటీబయాటిక్ దీనికి రివర్సు, దానికి ఒక్క దెబ్బ గట్టిగా తగలాలి, పీక్ ఎంఐసీకి ఎనిమిది పది రెట్లు వెళ్ళాలి, తర్వాత దిగిపోయినా పర్లేదు. వాంకో, అంటే వాంకోమైసిన్, మధ్యరకం, మొత్తం రోజంతా కలిపి ఎంత మందు ఎదురైందన్నది దానికి లెక్క.

పీజీలు ఇది పరీక్షకి బట్టీ పడతారు, బెడ్డు దగ్గర మర్చిపోతారు. కాబట్టి ఒక రాత్రి లెక్క చేద్దాం. ఉజ్జాయింపు లెక్కే, పట్టుకుని కొట్టకండి. రాత్రి పదింటికి మెరోపెనెం ఒక గ్రాము అరగంటలో ఎక్కించారు. పదిన్నరకి రక్తంలో లెవెల్ 50 అనుకోండి. కిడ్నీలు మామూలుగా ఉన్నవాళ్ళలో మెరో గంటకి సగమవుతుంది. కానీ ఇతని కిడ్నీలు పరిగెడుతున్నాయి, నలభై నిమిషాలకే సగం అవుతోంది. పదకొండూ పదికి 25. పదకొండూ యాభైకి పన్నెండున్నర. పన్నెండున్నరకి ఆరు. ఒంటిగంటా పదికి మూడు. ఎంఐసీ రెండు అనుకుంటే, టైము రెండు గంటలు అయ్యేలోపే దాని కిందకి జారిపోయింది. తర్వాతి డోసు పొద్దున ఆరింటికి! అంటే నాలుగు గంటలకి పైగా ఆ క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాకి అడ్డే లేదు, మనం రెస్టు తీసుకున్న టైములోనే అది తేరుకుని పిల్లల్ని పెట్టేస్తుంది. ఫైల్లో చూస్తే ఒక్క డోసు కూడా మిస్ అవ్వలేదు.

ఈ పరిగెత్తే కిడ్నీల కథ నా సొంత తప్పు, చెప్తాను. ఎక్కడ, ఎప్పుడు అన్నది వదిలేయండి. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, హైవే మీద బైక్ యాక్సిడెంటు, హెల్మెట్ లేదు, తలకి దెబ్బ. వెంటిలేటర్ మీద ఆరో రోజు నిమోనియా. కల్చర్లో క్లెబ్సియెల్లా, మెరోకి సెన్సిటివ్ అని వచ్చింది, మన దగ్గర అలా రావడమే అదృష్టం. ఒక గ్రాము టీడీఎస్ మొదలుపెట్టాం. నాలుగు రోజులైనా జ్వరం అట్లాగే, సక్షన్లో చీము అట్లాగే. నేనేం చేశాను? కొలిస్టిన్ కలిపాను. ఎందుకు కలిపానంటే... భయానికి కలిపాను, ఇంకేం లేదు. యూరిన్ రోజుకి నాలుగున్నర, ఐదు లీటర్లు పోతోంది, అందరం చూస్తున్నాం, మెదడు వాపుకిచ్చే మ్యానిటాల్ వల్లేమో, తలదెబ్బ వల్లేమో అనుకున్నాం. క్రియాటినిన్, అంటే కండ నుంచి వచ్చి కిడ్నీలు బయటికి తోసే వ్యర్థం, 0.6. నార్మల్ అని టిక్కు కొట్టాం.

అప్పుడు మా క్లినికల్ ఫార్మసిస్టు అమ్మాయి, కొత్తగా ఫార్మ్‌డీ చేసి చేరింది, మెల్లగా అడిగింది, సార్ ఒకసారి ఎనిమిది గంటల యూరిన్ పంపిద్దామా అని. పంపాం. ఎనిమిది గంటల్లో 1600 ఎంఎల్, అంటే నిమిషానికి 3.3. యూరిన్ క్రియాటినిన్ 34, బ్లడ్‌లో 0.6. గుణించి భాగిస్తే దాదాపు 190, అంటే కిడ్నీలు నిమిషానికి అన్ని ఎంఎల్ రక్తాన్ని కడుగుతున్నాయి. మామూలుగా కుర్రాళ్ళకి 100 నుంచి 120 ఉంటుంది, 130 దాటితేనే కిడ్నీలు ఎక్కువ పనిచేస్తున్నట్టు లెక్క. ఇంకా సిగ్గుపడాల్సింది ఏంటంటే వయసు, బరువు, క్రియాటినిన్ చూసి కిడ్నీని అంచనా వేసే మామూలు కాక్‌క్రాఫ్ట్ ఫార్ములా వేసినా, 65 కేజీల మనిషి, 177 వచ్చేది, ఫోన్లో ముప్పై సెకన్ల పని. ఎవరం వేయలేదు, ఎందుకంటే క్రియాటినిన్ పెరిగితేనే మనం లెక్కలు తీస్తాం, తగ్గితే సంతోషిస్తాం. డోసు రెండు గ్రాములు చేసి, ఒక్కోటీ మూడు గంటలు నడిపించాం, కొలిస్టిన్ తీసేశాం. మూడో రోజుకి జ్వరం దిగింది. డోసు మార్చడం వల్లే దిగిందని నేను ప్రమాణం చేయను, ఒక్క పేషెంటుతో ఏదీ రుజువు కాదు. కానీ అవసరం లేని కొలిస్టిన్ మూడు రోజులు ఆ కుర్రాడి కిడ్నీల మీద పోసింది మాత్రం నేనే.

గుర్తుపెట్టుకోండి, వయసులో ఉన్నవాళ్ళు, యాక్సిడెంట్లు, కాలిన గాయాలు, తలదెబ్బలు, వీళ్ళలో క్రియాటినిన్ తక్కువుంటే అది శుభవార్త కాదు, చిల్లుకుండ అది, పోసింది పోసినట్టు కారిపోతోంది. ముసలావిడ, మంచానపడి కండ కరిగిపోయినావిడ, ఆవిడకి కూడా 0.6 వస్తుంది, కానీ అక్కడ క్రియాటినిన్ తయారుచేసే కండే లేదు, ఆవిడ కిడ్నీలు పరిగెడుతున్నాయని డబుల్ డోసు ఇస్తే ఫిట్స్ రావొచ్చు. అందుకే అనుమానం వస్తే యూరిన్ పట్టి కొలవమంటాను, ఖర్చు రెండు క్రియాటినిన్ టెస్టులు, అంతే.

ఇంకోటి నీటి సంగతి. చారు కాచాం, పదిమందికి సరిపడా ఉప్పు వేశాం, ఈలోపు చుట్టాలు దిగారు, ఇంట్లో ఆవిడ రెండు చెంబులు నీళ్ళు పోసేసింది, ఉప్పు మాత్రం వేయలేదు. ఆ చారు ఎట్లా ఉంటుందో సెప్టిక్ షాక్ పేషెంటు రక్తంలో అమికాసిన్ అట్లా ఉంటుంది. నీళ్ళలో కరిగే మందులన్నిటికీ ఇదే గతి, బీటాలాక్టమ్‌లు అంటే ఆ పెన్సిలిన్ వంశం, అమికాసిన్, వాంకో, కొలిస్టిన్. మామూలు మనిషిలో అమికాసిన్ కేజీకి పావు లీటరు చోటులో సర్దుకుంటుంది. 60 కేజీలకి 15 లీటర్లు. కేజీకి 15 చొప్పున 900 మిల్లీగ్రాములు ఇస్తే పీక్ 60 వస్తుంది, బాగుంది. సెప్సిస్‌లో రక్తనాళాలు కారి, మనం సెలైన్లు దిమ్మరించాక ఆ చోటు కేజీకి 0.4 లీటర్లవుతుంది, 24 లీటర్లు, అప్పుడు అదే 900కి పీక్ 37. మరి మనం రాసేది 900 కూడా కాదే! 500 బీడీ. 500ని 24తో భాగించండి, 21 రాలేదు. ఎంఐసీ నాలుగు ఉన్న బగ్‌కి కనీసం 32 కావాలి. ఈ డోసుతో బగ్ చావదు, కిడ్నీ మాత్రం దెబ్బతింటుంది, ఎందుకంటే రోజుకి రెండుసార్లు ఇస్తే లెవెల్ పూర్తిగా దిగే టైమ్ ఉండదు. అందుకే ఈ పేషెంట్లలో మొదటి డోసు కేజీకి 25 నుంచి 30, రోజుకి ఒకేసారి. తర్వాతి డోసు ఎప్పుడన్నది కిడ్నీని చూసి, లెవెల్ దొరికితే లెవెల్ చూసి.

ఇక్కడే పెద్ద అపోహ. క్రియాటినిన్ మూడు ఉంది కాబట్టి మొదటి డోసు కూడా సగం చేద్దాం సార్ అంటారు. వద్దు. మొదటి డోసు నింపాల్సింది తొట్టిని, తొట్టి ఎంత పెద్దదన్నదే దానికి లెక్క, కింద కుళాయి ఎంత కారుతోందన్నది తర్వాతి డోసులకి. కిడ్నీలు పూర్తిగా ఆగిపోయిన మనిషికైనా మొదటి డోసు నిండుగానే వెళ్ళాలి. పైగా సెప్సిస్‌తో వచ్చినప్పుడు పెరిగి ఉన్న క్రియాటినిన్ చాలామందిలో రెండు రోజుల్లో దిగుతుంది, సగానికి పైగా అట్లా దిగినట్టు చూసిన స్టడీ ఉంది, అప్పటికి మనం డోసు కోసేసి కూర్చుని ఉంటాం, కిడ్నీ కోలుకుంటుంది, డోసు కోలుకోదు. మెరో, పిప్‌టాజ్ లాంటివాటికి భద్రత చాలా ఎక్కువ, మొదటి 24 నుంచి 48 గంటలు చెయ్యి కట్టేసుకోకండి. అమికాసిన్, వాంకోకి ఈ ధైర్యం మొదటి డోసు వరకే.

కొలిస్టిన్ సంగతి ఇంకా ఘోరం. మనం ఎక్కించేది అసలు మందు కాదు, ఒంట్లోకెళ్ళాక మెల్లగా కొలిస్టిన్‌గా మారే ముడిసరుకు. లోడింగ్, అంటే పెద్ద మొదటి డోసు, ఇవ్వకుండా రెండు రెండు మిలియన్లు మొదలుపెడితే సరైన లెవెల్‌కి చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, సెప్టిక్ షాక్‌లో రెండు రోజులంటే ఏంటో మీకు తెలుసు. లోడింగ్ 9 మిలియన్ యూనిట్లు, అంటే 90 లక్షలు, పది లక్షల వయల్స్ అయితే తొమ్మిది. తొమ్మిది వయల్స్ అని రాస్తే రాత్రి డ్యూటీ సిస్టర్ ఫోన్ చేస్తుంది, సార్ ఒకటి బదులు తొమ్మిది రాశారేమో అని. ఫోన్ చేయడం మంచిదే, అడగండి, తిట్టను. ఇక మిల్లీగ్రాముల గొడవ. పది లక్షల యూనిట్లు అంటే ఒక లెక్కలో 80 మిల్లీగ్రాములు, ఇంకో లెక్కలో 33 దాకా, ఒకటి సోడియం ఉప్పు బరువు, ఇంకోటి అసలు కొలిస్టిన్ బరువు. అమెరికా పుస్తకంలో 300 అని చూసి మన వయల్ మీద 80తో లెక్కేస్తే నాలుగు వయల్స్ కూడా రావు. మన యూనిట్లో రూలు ఒక్కటే, కొలిస్టిన్ ఎవరు రాసినా మిలియన్ యూనిట్లలోనే రాయాలి, మిల్లీగ్రాము అన్న మాట వాడితే చార్ట్ వెనక్కి పంపేస్తాం. పాలిమిక్సిన్ బి వేరే, అది నేరుగా పనిచేసే మందు, కిడ్నీ బట్టి డోసు తగ్గించనక్కర్లేదు, ఈ రెండింటినీ అన్నదమ్ములనుకుని ఒకదాని డోసు రూలు ఇంకోదానికి వాడకండి.

సరే, ఇప్పుడు అందరూ ఎదురుచూసేది. మెల్లగా ఎక్కిస్తే నిజంగా బతుకుతారా? థియరీ అయితే ఇందాక చెప్పినట్టు ఎప్పుడో తెలుసు, మెల్లగా ఎక్కిస్తే లెవెల్ ఎంఐసీ పైన ఎక్కువసేపు నిలుస్తుంది. 2007లో అమెరికాలో లోడైజ్ వాళ్ళు పిప్‌టాజ్‌ని నాలుగు గంటలు నడిపించి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకిన పేషెంట్లలో చూస్తే, బాగా సీరియస్‌గా ఉన్నవాళ్ళలో 14 రోజుల మరణాలు 31.6 శాతం నుంచి 12.2 శాతానికి పడిపోయాయి, అందరం గంతులేశాం, కానీ అది వెనక్కి తిరిగి ఫైళ్ళు చూసిన స్టడీ. తర్వాత డాలీ అనే స్టడీలో 68 ఆసుపత్రుల్లో రక్తంలో లెవెల్స్ కొలిచారు, 2014లో వచ్చింది, ఇన్ఫెక్షన్‌కి మందు తీసుకుంటున్న 248 మందిలో 16 శాతానికి సగం టైమైనా ఎంఐసీ పైన లెవెల్ లేదు. ప్రతి ఆరుగురిలో ఒకరు! ఆ తర్వాత ట్రయల్స్ మొదలయ్యాయి, మలేషియాలో 140 మందిలో చేస్తే బాగానే ఉందన్నారు, బ్లింగ్ టూ అని 432 మందిలో చేస్తే తేడా లేదన్నారు, 2023లో మెర్సీ అని 607 మందిలో మెరోతో చేస్తే అదీ తేడా లేదంది. మా ఫ్రెండొకడు అప్పుడు ఫోన్ చేసి, మెల్లగా ఎక్కించే నీ పంపులన్నీ తీసేయ్ రా అన్నాడు.

2024లో బ్లింగ్ త్రీ వచ్చింది. ఏడు దేశాలు, 104 ఐసీయూలు, ఏడువేల మంది. సగం మందికి 24 గంటలూ ఆగకుండా, సగం మందికి అరగంట డోసులు. 90 రోజుల మరణాలు 24.9, 26.8 శాతం. తేడా 1.9, పీ వాల్యూ 0.08. తేడా కాకతాళీయం కాదనడానికి పెట్టుకునే 0.05 గీత దాటలేదు. కఠినంగా చదివేవాళ్ళు ఫెయిలంటారు. అదే రోజుల్లో ఇలాంటి 18 ట్రయల్స్ కలిపి తొమ్మిది వేల పైచిలుకు మందిని లెక్కేస్తే మరణాల ముప్పు దాదాపు 14 శాతం తగ్గినట్టు తేలింది, 26 మందికి ఇలా ఇస్తే ఒకరు అదనంగా బతుకుతారని. మీరేమంటారో గానీ నేను దీన్ని ఇట్లా చదువుతాను: కొత్త మందు కాదు, కొత్త ఖర్చు కాదు, అదే వయల్, రోలర్ కొంచెం బిగించడమే, హాని కనపడలేదు. ఇరవై ఆరు కాకుండా యాభై అయినా నేను చేస్తాను.

కానీ ఎట్లా చేస్తామన్నదే మొత్తం. మొదటి డోసు మెల్లగా ఇవ్వకండి! షాక్‌లో వచ్చినవాడికి గంటలోపు మొదటి డోసు, అదీ బోలస్, అరగంటలోపు అయిపోవాలి, ఆ వెంటనే మెల్లగా నడిచేది మొదలుపెట్టాలి. బోలస్ లేకుండా డైరెక్టుగా నాలుగు గంటలు పెడితే ఏమవుతుందో ఇందాకటి సెట్టుతో చూడండి, వంద ఎంఎల్ నాలుగు గంటలంటే గంటకి 25, సెట్టు ముందే ఉత్త సెలైన్‌తో నింపి ఉంటే ఆ 18 ఎంఎల్ దాటడానికే ముప్పావు గంట దాకా పడుతుంది, అప్పటిదాకా పేషెంటుకి వెళ్ళేది ఉప్పునీళ్ళు. సిరంజి పంపు ఉంటే 50 ఎంఎల్‌లో కలిపి సన్న ఎక్స్‌టెన్షన్ లైనుతో పెట్టండి, అందులో మిగిలేది ఒకటి రెండు ఎంఎల్.

మెరో ఎండకి తట్టుకోదు. కలిపిన తర్వాత వేడి పెరిగేకొద్దీ విరిగిపోతుంది, గ్లూకోజ్‌లో కలిపితే ఇంకా త్వరగా. మే నెలలో మన ఏసీల సంగతి తెలుసు కదా, జనరేటర్ మీదికి మారితే ఐసీయూ కూడా ఉడికిపోతుంది. అందుకే మెరో 24 గంటల బ్యాగు ఒకేసారి కలిపి పెట్టే సాహసం నేను చేయను, మూడు గంటలు నడిపిస్తా, సెలైన్లోనే, కలిపిన వెంటనే. పిప్‌టాజ్ అంత సుకుమారం కాదు, నాలుగు గంటలు హాయిగా.

ఇంకో చోట డోసు పోతుంది, డయాలిసిస్ దగ్గర. ఎనిమిదింటికి మెరో ఎక్కించి తొమ్మిదింటికి మెషీన్ పెడతారు, మెషీన్ ఆ మందుని కడిగేస్తుంది. డయాలిసిస్ రోజు డోసు తర్వాత ఇవ్వాలని అందరికీ తెలుసు, కానీ డయాలిసిస్ టెక్నీషియన్ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు (నవ్వులు). అది చార్ట్ సమస్య కాదు, ఫోన్ సమస్య.

వాంకో గురించి రెండు ముక్కలు. పాతకాలంలో ట్రఫ్, అంటే తర్వాతి డోసుకి ముందుండే లెవెల్, 15 నుంచి 20 ఉండాలని వెంటపడ్డాం, కిడ్నీలు పాడుచేశాం, 2020 గైడ్‌లైన్స్‌లో అది మార్చి ఏయూసీ, అంటే రోజంతా కలిపి ఎదురైన మందు, 400 నుంచి 600 అన్నారు. లోడింగ్ కేజీకి 20 నుంచి 35. 60 కేజీలకి 25 చొప్పున ఒకటిన్నర గ్రాము, గంటకి గ్రాము కంటే స్పీడుగా వద్దు, ఒళ్ళంతా ఎర్రబడి దురదొస్తే అది అలర్జీ అని మందు ఆపేయకండి, ముందు స్పీడు తగ్గించి చూడండి.

ఎక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే రేపు అందరికీ డబుల్ రాస్తారు. సెఫెపిమ్ కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళలో పేరుకుంటే మనిషి మత్తుగా, గందరగోళంగా అవుతాడు, సెప్సిస్ వల్లేమో అనుకుని సీటీకి పంపుతాం, మెదడు తరంగాలు చూసే ఈఈజీ చేస్తే తెలుస్తుంది. మూర్ఛకి వాల్‌ప్రోయేట్ వాడే పేషెంటుకి మెరో ఇస్తే ఒక్క రోజులోనే వాల్‌ప్రోయేట్ లెవెల్ పడిపోతుంది, దాని డోసు పెంచినా లాభం లేదు, వేరే మూర్ఛ మందు పెట్టాలి లేదా మెరో మార్చాలి. ఇది నేను రెండుసార్లు చూశా, రెండుసార్లూ ఇంటి మందుల చీటీ ఫైల్లోనే ఉంది, ఎవరూ చదవలేదు.

లెవెల్స్ కొలవడం... వాంకో మన ఊళ్ళలో దొరుకుతుంది. మెరో లెవెల్ చేసే ల్యాబ్ దగ్గర్లో లేదు, రిపోర్టు వచ్చేసరికి కోర్సు అయిపోతుంది. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో లెవెల్స్ చూసి డోసు మార్చే ట్రయల్స్ చేస్తే పెద్ద లాభం తేలలేదు కూడా. కాబట్టి మిషన్ లేదని ఏడవద్దు, కిడ్నీ లెక్క, మొదటి డోసు, సెట్టు, ఈ మూడూ మన చేతిలోనే ఉన్నాయి. ప్రశ్నలు?

చెప్పండి. ఆ... గవర్నమెంటు హాస్పిటల్లో పంపులు లేవు, మూడు గంటలు ఎట్లా అని. మంచి ప్రశ్న, నేనూ పంపు లేని చోటే నేర్చుకున్నాను. వంద ఎంఎల్ మూడు గంటలకి మామూలు సెట్టుతో నిమిషానికి 11 చుక్కలు, అంత మెల్లగా అది నిలవదు, పేషెంటు చెయ్యి మడిస్తే ఆగిపోతుంది. మైక్రోడ్రిప్ సెట్టు వాడండి, 33 చుక్కలు, రెండు సెకన్లకి ఒకటి కంటే కొంచెం ఎక్కువ, వాచీ పెట్టి లెక్కపెట్టొచ్చు. బాటిల్ మీద ప్లాస్టర్ అంటించి ప్రతి అరగంటకి ఎక్కడికి దిగాలో గీతలు పెట్టండి, దాటితే తెలుస్తుంది.

సిస్టర్, మీరేదో అడుగుతున్నారు. ఫ్లష్ ఎంత పెట్టాలి, ఫ్లూయిడ్ తగ్గించమన్న పేషెంటుకి ఎట్లా అని. బాటిల్ ఖాళీ అవుతుండగానే అదే సెట్టుకి చిన్న సెలైన్ బాటిల్ తగిలించి, అదే స్పీడులో 25 ఎంఎల్ పోనివ్వండి. స్పీడు పెంచకండి, ట్యూబులో ఉన్నదీ మందే. రోజుకి మూడు డోసులకి 75 ఎంఎల్, ఆ మాత్రం నీటికి ఎవరికీ ఊపిరితిత్తులు నిండవు, మెయింటెనెన్స్‌లో 75 తగ్గించేస్తే సరి. ఇన్‌టేక్ చార్ట్‌లో మాత్రం రాసేయండి, లేకపోతే పొద్దున బ్యాలెన్స్ తేలక నైట్ వాళ్ళని నేనే తిడతాను. ఆ బకెట్ జాగ్రత్తమ్మా, కాలు తగులుతుంది.